స్కూబా డైవింగ్: లోతు కన్నా పైపై నీళ్లలోనే ప్రమాదం ఎందుకెక్కువ?

క్లుప్తంగా: స్కూబా నేర్చుకోవడమంటే ప్రధానంగా నీటి పీడనంతో ఎలా మెలగాలో నేర్చుకోవడం. ఈ పీడనం మొదటి 10 మీటర్లలోనే రెట్టింపవుతుంది. అందువల్ల చెవులకైనా ఊపిరితిత్తులకైనా అసలు పరీక్ష అక్కడే. పర్యాటకులు చేసే ‘ట్రై డైవ్’లో ఆ బాధ్యతంతా ట్రైనర్‌ది. మూడు నాలుగు రోజుల కోర్సులో అది నేర్చుకునేవాళ్ల చేతికి వస్తుంది. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే ఈత రావాలా వద్దా, ఎవరు చేయకూడదు, మర్నాడు విమానం ఎక్కొచ్చా లాంటి ప్రశ్నలకు తలో జవాబు వినిపిస్తోంది.

అన్నిటికీ ఒకే పేరు

2025 సెప్టెంబరు 19న అస్సాం గాయకుడు జుబీన్ గార్గ్ సింగపూర్‌లో మరణించినప్పుడు మొదట దేశమంతటా వచ్చిన వార్తలు ‘స్కూబా డైవింగ్ ప్రమాదం’ అనే చెప్పాయి. ఆయన సముద్రంలో ఈత కొడుతుండగా నీట మునిగి చనిపోయారని తర్వాత తెలిసింది. కానీ ఆ మొదటి మాటే చాలామందికి గుర్తుండిపోయింది. అండమాన్ వెళ్లాలనుకుంటున్న కుటుంబాల్లో ‘స్కూబా అంత ప్రమాదమా’ అన్న ప్రశ్న మళ్లీ లేచింది.

ఇలాంటి తికమక తరచూ జరుగుతుంది. సముద్రంలో మాస్క్ పెట్టుకుని చేసే ప్రతి పనినీ స్కూబా అనేయడం అలవాటైపోయింది. నీటి పైభాగాన తేలుతూ చిన్న గొట్టంతో పైగాలి పీల్చడం స్నార్కెలింగ్. తలకు హెల్మెట్ తగిలించి, పడవ నుంచి గొట్టంతో గాలి పంపిస్తూ, ఇసుక మీద నడిపించేది సీ వాక్. సిలిండర్ పడవ మీదే ఉంచి పొడవాటి గొట్టంతో గాలి అందించే పద్ధతి కూడా ఉంది. గాలి సిలిండర్‌ను వీపున మోసుకుంటూ పైవాళ్లతో సంబంధం లేకుండా తిరిగేదే స్కూబా. స్నార్కెలింగ్‌లో పీల్చేది మామూలు గాలే కాబట్టి దాని ప్రమాదాలు ఈతకు దగ్గరగా ఉంటాయి. మిగతా మూడింట్లో పీల్చేది నీటి లోపలి పీడనానికి సమానమైన గాలి. అసలు తేడా అక్కడ మొదలవుతుంది.

వార్తల్లో తరచూ కనిపించే ‘ఆక్సిజన్ సిలిండర్’ అన్న మాటనూ సరిచేసుకోవాలి. కొత్తవాళ్లు వాడే సిలిండర్లో ఉండేది వడకట్టి కుదించిన మామూలు గాలి. అందులో సుమారు 79 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను పీలుస్తూ 6 మీటర్లు దాటి దిగితే మూర్ఛ (ఫిట్స్) వచ్చే ప్రమాదం ఉంది. నీటి లోపల మూర్ఛ వస్తే బతికి బయటపడటం కష్టం.

మొదటి 10 మీటర్లలో ఏం జరుగుతుంది?

సముద్ర మట్టం దగ్గర మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. సముద్రపు నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఇంకొకటి కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు, 30 దగ్గర నాలుగు. పెరుగుదల ప్రతిసారీ ఒకటే అయినా నిష్పత్తి అలా ఉండదు. పైనుంచి 10 మీటర్లకు వెళ్తే పీడనం రెట్టింపై, మూసి ఉన్న గాలి సగానికి కుంచించుకుపోతుంది. అదే 20 నుంచి 30కి వెళ్తే మూడో వంతుగా ఉన్నది నాలుగో వంతవుతుంది, అంతే. పైకి వచ్చేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. 30 నుంచి 20కి ఎక్కితే గాలి ఘనపరిమాణం మూడో వంతు పెరుగుతుంది, 10 నుంచి పైకి తేలితే రెండింతలవుతుంది.

విశాఖ నుంచి అరకు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు సంచిలోని చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చాలామంది చూసే ఉంటారు. అక్కడ పీడనం తగ్గేది సుమారు పదో వంతే. నీటిలో ఒక్క మీటరు పైకి వచ్చినా దాదాపు అంత మార్పు ఉంటుంది.

ఊపిరితిత్తులది కూడా ఇదే లెక్క. 10 మీటర్ల లోతులో సిలిండర్ నుంచి నిండుగా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. దానికి చోటు లేక ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గదులు చిరిగిపోతాయి. అలా తప్పించుకున్న గాలి బుడగలు రక్తంలో చేరి మెదడు దాకా వెళ్తే క్షణాల్లో స్పృహ తప్పుతుంది. దీనికి 10 మీటర్ల లోతు కూడా అక్కర్లేదు. ఊపిరితిత్తులు నిండుగా ఉంటే ఒకటిన్నర మీటరు లోతు నుంచి బిగబట్టి లేచినా చాలు. అంటే ఈత కొలనులో కూడా జరగొచ్చు.

బావిలోకి దూకి ఈత నేర్చుకున్న పిల్లలకు ఇది ఎందుకు జరగదు? వాళ్లు ఊపిరి పీల్చింది గట్టు మీద. లోపలికి వెళ్తే ఆ గాలి కుంచించుకుపోయి, పైకి వస్తే మళ్లీ పాత పరిమాణానికే చేరుతుంది, అంతకు మించదు. అందుకే ‘ఊపిరి బిగబట్టి మునుగు’ అన్నది బావిలో సరైన పాఠం. స్కూబాలో అదే అలవాటు ప్రాణాంతకం. కొత్తవాళ్లకు చెప్పే మొదటి సూత్రం ‘ఎప్పుడూ ఊపిరి ఆపకండి’ అన్నదే. ఈత బాగా వచ్చినవాళ్లకు ఇది తేలిక అనుకుంటాం గానీ, ఒంటికి పట్టిన పాత అలవాటును మార్చుకోవాల్సింది ముందుగా వాళ్లే.

చెవి నొప్పి అనే ముందు హెచ్చరిక

ఊపిరితిత్తుల ప్రమాదం అరుదు. కొత్తవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది చెవి దెబ్బ. కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంటుంది. దిగే కొద్దీ బయటి పీడనం కర్ణభేరిని లోపలికి నెడుతుంది. ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే సన్నని నాళం తెరుచుకుని అక్కడికి గాలి చేరితేనే రెండు వైపులా సమమవుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదడం అందుకే. మాస్క్ ముక్కును కూడా కప్పేలా ఉండటానికి ఒక కారణం ఇది. మాస్క్‌లోని గాలి కూడా కుంచించుకుపోతుంది కాబట్టి ముక్కు ద్వారా అందులోకి కాస్త గాలి వదలాలి. లేకపోతే కళ్లలో, కళ్ల చుట్టూ సన్నని రక్తనాళాలు చిట్లి ఎర్రబడుతుంది.

ఈ పని నొప్పి మొదలయ్యాక చేస్తే ఆలస్యమైనట్టే. పీడనం తేడా పెరిగాక ఆ నాళం నొక్కుకుపోయి ఇక తెరుచుకోదు. తల నీట మునిగిన వెంటనే మొదలుపెట్టి, ప్రతి మీటరుకూ నొప్పి రాకముందే చేయాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. ట్రై డైవ్‌లో తరచూ ఇక్కడే ఇబ్బంది వస్తుంది. డబ్బు కట్టాం, వీడియో తీస్తున్నారు, మధ్యలో ఆపితే బాగోదు అనే మొహమాటంతో నొప్పిని ఓర్చుకునేవాళ్లు ఉంటారు. కర్ణభేరికి చిల్లు పడితే చల్లని నీరు లోపలి చెవిని తాకి ఒక్కసారిగా కళ్లు తిరుగుతాయి. నీటిలో దిక్కు తెలియని ఆ స్థితే పెద్ద ప్రమాదానికి దారి తీస్తుంది. జలుబు ఉన్న రోజు దిగొద్దనడానికి కారణం కూడా ఇదే. జలుబు మందు వేసుకుని దిగితే, దాని ప్రభావం లోపల ఉండగానే తగ్గితే, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాలేక ఇరుక్కుపోతుంది.

గాలి లెక్క

1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ కలిసి తయారు చేసిన ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరం నేటి స్కూబాకు మూలం. అందులోని రెగ్యులేటర్ ఒక తెలివైన పని చేస్తుంది. సిలిండర్లోని విపరీతమైన పీడనాన్ని తగ్గించి, డైవర్ ఏ లోతులో ఉంటే ఆ లోతు పీడనంతో, పీల్చినప్పుడు మాత్రమే గాలిని ఇస్తుంది. ఆ సౌకర్యానికి మూల్యం కూడా ఉంది. లోతుకు వెళ్లే కొద్దీ ప్రతి శ్వాసలో ఎక్కువ గాలి ఖర్చవుతుంది.

మామూలు అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది. దాన్ని 200 బార్ల (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) దాకా నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పైన అది 110 నిమిషాలు వస్తుంది. 10 మీటర్లలో 55 నిమిషాలు, 20 మీటర్లలో 37 నిమిషాలు. చివరి 50 బార్లు అత్యవసరానికి మిగల్చాలి కాబట్టి 10 మీటర్లలో వాడుకోగలిగింది 41 నిమిషాలే. టెన్షన్‌లో వేగంగా శ్వాసించే కొత్తవాళ్లు నిమిషానికి 30 లీటర్లు ఖర్చు చేస్తే ఆ సమయం 27 నిమిషాలకు పడిపోతుంది. భయం వల్ల పై పైన, గబగబా పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దాంతో గాలి చాలడం లేదన్న భావన ఇంకా పెరుగుతుంది, మనిషి ఇంకా వేగంగా పీలుస్తాడు. అందుకే ఇన్‌స్ట్రక్టర్లు నెమ్మదిగా వదలడం మీద అంత పట్టు పడతారు.

గాలి లెక్క తప్పితే ఏమవుతుందో 2008లో వెలువడిన ఒక విశ్లేషణ చూపించింది. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సేకరించిన 947 డైవింగ్ మరణాలను అందులో పరిశీలించారు. ఏ సంఘటనతో పరిస్థితి చేయి దాటిందో తెలిసిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడంతో మొదలయ్యాయి. పరికరాల లోపం వాటా 15 శాతం. సాధారణంగా యంత్రం పాడవుతుందేమోనని భయపడతాం. గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు చూసుకోకపోవడం అంతకన్నా పెద్ద ముప్పు.

నైట్రోజన్, విమానం, అరకు

స్కూబా అనగానే వినిపించే మరో మాట ‘బెండ్స్’ అనే జబ్బు. పీడనంలో గాలి పీల్చినప్పుడు నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే అది శ్వాస ద్వారా వెళ్లిపోతుంది. తొందరగా వస్తే బుడగలు కట్టి కీళ్ల నొప్పి నుంచి పక్షవాతం దాకా తేవచ్చు. దీన్ని లెక్కగట్టి డైవింగ్ పట్టికలు తయారు చేసినవాడు బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. అవి 1908లో వెలువడ్డాయి. నేడు చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ క్షణక్షణం వేసే లెక్కకు పునాది అదే.

అయితే ట్రై డైవ్ చేసే పర్యాటకుడికి ఇది మొదటి భయం కానక్కర్లేదు. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ పట్టిక ప్రకారం 12 మీటర్లలో 147 నిమిషాలు, 18 మీటర్లలో 56 నిమిషాలు, 30 మీటర్లలో 20 నిమిషాల దాకా ఉండి, మధ్యలో ఆగాల్సిన అవసరం లేకుండా పైకి రావచ్చు. 8 మీటర్లలో అరగంట గడిపినవాళ్లు ఆ హద్దుకు చాలా దూరంలో ఉంటారు. కోర్సు చేసేవాళ్లకు మాత్రం నెమ్మదిగా, నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి రావడం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం అలవాటు చేస్తారు.

నైట్రోజన్ అందరికీ సంబంధించే చోటు డైవ్ ముగిశాక వస్తుంది. ఎత్తుకు వెళ్తే పీడనం మళ్లీ తగ్గుతుంది కాబట్టి, ఒకే డైవ్ చేసినవాళ్లు కనీసం 12 గంటలు, ఒకే రోజు పలుమార్లు లేదా వరుసగా కొన్ని రోజులు దిగినవాళ్లు 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ మార్గదర్శకాలు చెబుతాయి. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో (పాత హేవ్‌లాక్) మధ్యాహ్నం కోర్సు చివరి డైవ్ ముగించి, మర్నాడు పొద్దున్నే శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) నుంచి హైదరాబాద్ విమానం పట్టుకుంటే ఈ నియమం తప్పినట్టే.

విమానానికి చెప్పిన ఈ జాగ్రత్త 600 మీటర్లు దాటిన ఎత్తులకు వర్తిస్తుందన్న సంగతి మాత్రం ప్యాకేజీ టూర్లలో వినబడటం అరుదు. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఉదయం రుషికొండలో డైవ్, మధ్యాహ్నం అరకు అని వేసుకునే ప్లాన్‌ను తిరగేసి, అరకు ముందు, సముద్రం తర్వాత అని పెట్టుకోవడం మేలు. మురుడేశ్వర్ దగ్గర డైవ్ చేసి అదే రాత్రి ఘాట్లు ఎక్కి బెంగళూరు వెళ్లే ఐటీ ఉద్యోగులకూ ఇది వర్తిస్తుంది.

ట్రై డైవ్ వేరు, కోర్సు వేరు

ట్రై డైవ్‌లో గంటలోపే వివరణ, నడుములోతు నీళ్లలో కాస్త సాధన, ఆ తర్వాత గరిష్ఠంగా 12 మీటర్ల దాకా డైవ్. మన దేశంలో చాలాచోట్ల ఒక్కొక్కరికి ఒక ట్రైనర్ ఉండి వెనక నుంచి సిలిండర్ పట్టుకునే నడిపిస్తాడు. లోతు, గాలి, తేలడం అన్నీ అతని చేతిలోనే. ‘ఈత రానివాళ్లూ చేయొచ్చు’ అన్న ప్రకటన ఈ మేరకే నిజం.

మూడు నాలుగు రోజుల ‘ఓపెన్ వాటర్’ కోర్సుకు ఆ మాట వర్తించదు. ప్యాడీ పద్ధతిలో ఎక్కడా ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. వేగంతో పని లేదు, ఏ రకం ఈతైనా ఫర్వాలేదు. థియరీ పాఠాలు, కొలనులో లేదా కొలను లాంటి నీటిలో సాధన, ఆపైన సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. పదేళ్లు నిండినవాళ్లు జూనియర్‌గా చేరవచ్చు. పూర్తయితే పెద్దలకు 18 మీటర్ల దాకా, తోడు డైవర్‌తో కలిసి, వెంట ట్రైనర్ లేకుండా దిగే అర్హత వస్తుంది. థియరీ, కొలను సాధన ఊళ్లోనే ముగించి, డైవ్‌ల కోసం మాత్రమే సముద్రానికి వెళ్లే పద్ధతి కూడా ఉంది. సముద్రం లేని తెలంగాణ వాళ్లకు అది ఎంతో సమయం కలిసొచ్చే దారి.

కోర్సులో నేర్పే పనుల్లో విడ్డూరంగా కనిపించేవన్నీ పైన చెప్పిన పీడనం లెక్కకే ముడిపడి ఉంటాయి. మాస్క్ తీసేసి మళ్లీ పెట్టుకుని ముక్కుతో గాలి ఊది నీళ్లు వెళ్లగొట్టించేది, ముఖానికి నీళ్లు తగిలినంత మాత్రాన బెదిరి పైకి పరుగెత్తకుండా ఉండటానికి. రెగ్యులేటర్ నోట్లోంచి జారినప్పుడు సన్నగా బుడగలు వదులుతూనే దాన్ని వెతుక్కోవాలి, ఊపిరి బిగబట్టకూడదు. గాలి అయిపోయి తోడు కూడా దూరంగా ఉంటే ‘ఆఁ’ అని ఆపకుండా శబ్దం చేస్తూ పైకి ఈదే సాధన ఉంటుంది. గొంతు పలుకుతోందంటే గాలి బయటికి పోతోందని అర్థం. సైగల్లో కూడా జాగ్రత్త అవసరం. బొటనవేలు పైకెత్తితే మన దగ్గర ‘సూపర్’ అనుకుంటాం. డైవింగ్‌లో దానికి అర్థం ‘పైకి వెళ్దాం’. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది మునగకుండా, తేలకుండా నీటి మధ్యలో నిలకడగా ఉండటం. బీసీడీ అనే గాలి జాకెట్, నడుముకు కట్టే బరువులు, శ్వాస, ఈ మూడింటితో అది సాధ్యం. ఇది రానివాళ్ల ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) తగిలి పగడపు దిబ్బలు విరుగుతాయి. సెంటీమీటర్ల చొప్పున ఏళ్లకేళ్లు పెరిగిన పగడం ఒక్క తన్నుకు పోతుంది. గట్టి పగడాలన్నిటికీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. ఫొటో కోసం పర్యాటకులను పగడం మీద నిలబెట్టే ట్రైనర్ కనిపిస్తే, అతని మిగతా జాగ్రత్తలను కూడా అనుమానించాల్సిందే.

ప్యాడీ, ఎస్‌ఎస్‌ఐ, నౌయి లాంటి ఏజెన్సీల్లో ఏది మంచిదన్న చర్చకు అవసరానికి మించిన ప్రాధాన్యం దొరుకుతోంది. ఈ కోర్సులకు ఐఎస్ఓ 24801 అనే ఉమ్మడి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఒకరిచ్చిన కార్డును మరొకరు గుర్తిస్తారు. ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఒకేసారి ఎంతమంది ఉంటారు, తెలియని భాషలో కాకుండా అర్థమయ్యే భాషలో చెబుతాడా, పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందా, చెవి తెరుచుకోకపోతే ఆపేసే స్వేచ్ఛ ఉందా అన్నవి తేల్చుకోవడం అంతకన్నా ముఖ్యం.

ఫారం మీద ‘లేదు’ అని రాసేముందు

నీట దిగగానే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది, గుండె మీద పని పెరుగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుబడితే, ఊపిరి బిగబట్టకపోయినా బిగబట్టినంత ప్రమాదమే. అందుకే డైవ్‌కు ముందు ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తారు. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం, ఇటీవలి శస్త్రచికిత్సల గురించి అందులో అడుగుతారు. 45 ఏళ్లు దాటినవాళ్లను పొగతాగడం, కొలెస్టరాల్, బీపీ గురించి ప్రత్యేకంగా అడుగుతారు. జవాబును బట్టి డాక్టరు సంతకం కావాల్సి వస్తుంది. దీవికి చేరాక ఆ సంతకం దొరకడం కష్టం. ప్రయాణం పాడవుతుందని అన్నిటికీ ‘లేదు’ అని రాసేయాలనే తొందర అక్కడే పుడుతుంది. ఫారంను బుకింగ్ రోజే తెప్పించుకుని ఊళ్లో డాక్టరుకు చూపిస్తే ఆ ఇరకాటం ఉండదు.

ఎక్కడ, ఎప్పుడు

కొత్తవాళ్లకు అండమాన్ అనుకూలమైనది, ముఖ్యంగా స్వరాజ్ ద్వీప్. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా, సముద్రం నెమ్మదిగా ఉంటాయి. తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డ ప్రాంతం కాబట్టి భాష ఇబ్బంది కూడా తక్కువే. లక్షద్వీప్ నీళ్లు కూడా తేటగా ఉంటాయి, కానీ వెళ్లడానికి ముందుగా అనుమతి కావాలి. కర్ణాటకలో మురుడేశ్వర్ తీరానికి ఎదురుగా ఉన్న నేత్రాణి దీవి దగ్గర నైరుతి రుతుపవనాల నెలల్లో డైవింగ్ ఉండదు.

విశాఖ సంగతి వేరు. బంగాళాఖాతంలోకి గోదావరి, మహానది లాంటి పెద్ద నదులు వానాకాలంలో ఒండ్రు తెస్తాయి. దాంతో నీటి తేటదనం రోజురోజుకూ మారుతుంది. అలల ఉద్ధృతి కూడా ఎక్కువే. అండమాన్ ఫొటోలు చూసి విశాఖలో దిగినవాళ్లు నిరాశపడటానికి ఇదే కారణం. అయితే చూపు ఆనని నీటిలో తోడును వదలకుండా ఉండటం, దిక్సూచి చూస్తూ కదలడం, మీటరును పదేపదే చూసుకోవడం తప్పనిసరిగా అలవాటవుతాయి. విశాఖలో నేర్చుకున్నవాళ్లకు తేట నీళ్లు సులువే. తేట నీళ్లలో మాత్రమే దిగినవాళ్లకు మసక నీళ్లు కొత్త పరీక్ష. ఓపెన్ వాటర్ కార్డుకు గడువు లేదు గానీ, అది శిక్షణ పొందినలాంటి పరిస్థితుల్లో దిగడానికే ఇచ్చిన అర్హత. పరిస్థితులు మారినా, చాలాకాలం దిగకపోయినా, మొదటి డైవ్ స్థానిక ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి చేయమనే శిక్షణ సంస్థలు సూచిస్తాయి.